కాశయ్య పెట్టిన బొట్టు

బోధన్‌లో కాశయ్య చేతి మీదుగా పోని చావు లేదంటే నమ్మాలి. ఆయన డాక్టరూ కాదు, కాటికాపరీ కాదు. చనిపోయినవాళ్ల బొమ్మలు వేసేవాడు. పాస్‌పోర్టు ఫోటో తెచ్చినా, రేషన్ కార్డు మీద మసకగా పడ్డ మొహం తెచ్చినా, రెండడుగుల అట్ట మీద నిండు మనిషిని నిలబెట్టి ఇచ్చేవాడు. బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగని ముసలమ్మలు ఎందరో ఉంటారు. అలాంటివాళ్లకు పాడె మీద తీసిన ఫోటోయే దిక్కు, ముక్కులో దూది, మూసుకున్న కళ్లు. కాశయ్య ఆ దూది తీసేసి కళ్లు తెరిపించేవాడు. బిడ్డల్లో ఎవరికి తల్లి కళ్లు వచ్చాయో అడిగి, వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ కళ్లు చూసి వేసేవాడు. ఇంత పని తెలిసినవాడు మా జిల్లాలో ఇంకొకడు లేడు. ఉన్నాడని ఎవరైనా అంటే నాతో కొట్లాటకు రావచ్చు.

నా పేరు భీమన్న. నేను అక్షరాలవాణ్ణి. దుకాణాల బోర్డులు, లారీల వెనక పేర్లు, ఎలక్షన్లప్పుడు గోడల మీద రాతలు. ఫ్లెక్సీ మిషన్లు వచ్చి నా నోట్లో మట్టి కొట్టాయి. కాశన్న పని కూడా సగానికి సగం పోయింది కానీ పూర్తిగా పోలేదు. కంప్యూటర్లో చేయించిన ఫోటో గోడకు తగిలించుకుని, నెల తిరక్కుండానే ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు, అది మా అవ్వ లాగా లేదని, మా నాయన, మా బాపు లాగా లేదని. ఉండదు మరి. మిషనుకు మీ బాపు ఎవడో ఏం తెలుసు?

ఆయన పనికి ఒక పద్ధతి ఉంది. కళ్లు, మీసం, అంగీ కాలరు, అన్నీ అయ్యాక చిట్టచివర బొట్టు. అది బ్రష్‌తో పెట్టడు. కుడిచేతి ఉంగరపు వేలు ఎర్రరంగులో ముంచి, నుదుటి మీద ఒక్కసారి ఆనించి తీస్తాడు. ఫోటో మీద బొట్టు ఉందంటే ఆ మనిషి లేడని అర్థం, అది మనందరికీ తెలిసిందే. ఆ బొట్టు పడేదాకా బొమ్మను ఇంటివాళ్ల చేతికి ఇవ్వడు. ఒకసారి ఒక సర్పంచి బతికుండగానే తన బొమ్మ వేయించుకుందామని వచ్చి కూర్చున్నాడు. బొమ్మ అద్భుతంగా వచ్చింది. చివరికి కాశన్న వేలు దానంతటదే ఎర్రరంగులోకి పోయింది. సర్పంచి కుర్చీ తన్నేసి లేచి, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి పోయాడు. మేము వారం రోజులు నవ్వుకున్నాం. కాశన్న మాత్రం నవ్వలేదు. ఇక బతికున్నవాళ్ల బొమ్మలు వేయనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆయనకు ఒక్కడే కొడుకు, విష్ణు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా శక్కర్‌నగర్‌లో మగపిల్లలకు పని అన్నది లేకుండా పోయింది. అందరూ దుబాయి పోయారు. అరబ్బు దేశం ఏదైనా మాకు దుబాయే. విష్ణు పోయింది సౌదీకి, బిల్డింగులకు రంగులు వేసే పనికి. రెండేళ్లు బాగానే ఫోన్లు చేశాడు. తర్వాత కంపెనీలో బాధలు పడలేక బయటికి వచ్చేశాడు. అలా కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాళ్లను ఖల్లివెల్లి అంటారు. ఒక ఉగాది నాడు ఫోన్ చేసి, వేరే ఊరికి మారుతున్నానని, అక్కడికి పోయాక కొత్త నంబరు నుంచి చేస్తానని తల్లికి చెప్పాడు. ఆ ఫోన్ నాలుగేళ్లయినా రాలేదు.

తల్లి వెంకటవ్వ ఆ నాలుగేళ్లలో కొత్త నంబరు ఏది వచ్చినా వదల్లేదు. లోన్ ఇస్తామని చేసే పిల్లలతో, ఇన్సూరెన్సు కట్టమనే పిల్లలతో కూడా పూర్తిగా మాట్లాడి, ఏ ఊరి నుంచి చేస్తున్నావు బిడ్డా అని అడిగి గానీ ఫోన్ పెట్టేది కాదు. ఇంట్లో ఎవరైనా తెలియని నంబరు కట్ చేస్తే ఆ పూట వాళ్లకు అన్నం పెట్టేది కాదు. కాశన్న సోమవారం సోమవారం నిజామాబాద్ కలెక్టరాఫీసుకు పోయి అర్జీలు ఇచ్చేవాడు. కంపెనీ నుంచి పారిపోయినట్టు రాసి ఉంది, ఆ తర్వాత ఆ పేరుతో ఎక్కడా ఏమీ లేదు అనేవాళ్లు అక్కడివాళ్లు. బతికున్నట్టు లేదు, పోయినట్టూ లేదు. వాడు ఉన్నాడనే ఇద్దరూ అనుకున్నారు. అనుకోక ఏం చేస్తారు?

పోయినేడు నిజామాబాద్‌లో మ్యూజియం గోడ పని వచ్చింది. పని పెట్టించిన అమ్మాయి కల్యాణి. చందూర్ వైపు సెట్లర్ల అమ్మాయి, బొమ్మల చదువు చదువుకుంది. వాళ్ల తాతలు కోస్తా నుంచి కాలువ కింద భూముల కోసం వచ్చి స్థిరపడ్డారు, అందుకే మాటలో ఇంకా ఆ వైపు యాస ఉంటుంది. మమ్మల్ని మాస్టారూ అని పిలిచేది. నన్ను జన్మలో ఎవరూ మాస్టారు అనలేదు, కాబట్టి ఆ అమ్మాయి ఏం చెప్పినా చేయడానికి నేను తయారు. ఆమె చెప్పింది ఏమిటంటే, అరవై అడుగుల గోడ, దాని మీద రాజులు వద్దు, దేవుళ్లు వద్దు, మా జిల్లా మనుషులు కావాలి. వాళ్లు ఎలా ఉండాలో ఆ ఊళ్ల వాళ్లే చెప్పాలి. మోర్తాడ్ నుంచి పసుపు రైతులు వచ్చారు, పసుపు ఉడకబెట్టే పొయ్యి దగ్గర ఆడవాళ్లు నవ్వుతూ ఉండరని, కళ్లు మండి ఏడుస్తూ ఉంటారని చెప్పి పోయారు. మాక్లూర్ నుంచి నాట్లు వేసేవాళ్లు, బోధన్ నుంచి చెరకు నరికినవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు వచ్చారు. చివరికి ఒకామె లేచి, దుబాయి పోయినోళ్లను ఎందుకు పెట్టలేదని అడిగింది. అందరూ అవునన్నారు. దుబాయి పోయేవాళ్లను ఎయిర్‌పోర్టుకు చేర్చే బస్సును మేము దుబాయి బస్సు అంటాం, దాని ముందు పెట్టెతో నిలబడ్డ మనిషి ఒకడు ఉండాలని తీర్మానం అయింది.

ఆ మనిషిని నేను వేస్తానన్నాడు కాశన్న. ఎవరి మొహం వేస్తాడో అడగాల్సిన పని లేదు. బతికున్నవాళ్ల బొమ్మ వేయనన్న ఒట్టు ఏమైందని నేను వేళాకోళానికి కూడా అనలేదు. తిరిగి వస్తుంటే ఎడపల్లి దాటాక బస్సులో ఆయనే అన్నాడు.

"మ్యూజియంకు ఎన్ని ఊర్లోళ్లు వస్తరు భీమా. దుబాయికెల్లి వచ్చినోళ్లు లేని ఊరున్నదా మన జిల్లాల. ఎవలో ఒకలు గుర్తు పట్టకపోతరా."

అదీ ఆయన లెక్క. ప్రపంచానికి అది బొమ్మల గోడ, కాశన్నకు అది తప్పిపోయిన కొడుకు కోసం వేసిన పోస్టరు. దుబాయి పోయేవాళ్లు అట్టపెట్టెకు తాడు కట్టి, దాని మీద పేరు, ఊరు, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసుకుంటారు కదా. బొమ్మలో పెట్టె మీద అది నన్ను రాయమన్నాడు. కల్యాణిని అడిగితే, అది లేకపోతే పెట్టె పెట్టెలా ఉండదు మాస్టారూ అంది. విష్ణు, తండ్రి కాశయ్య, శక్కర్‌నగర్, బోధన్, కింద వెంకటవ్వ నంబరు. నలభై ఏళ్లలో నేను రాసిన అక్షరాల్లో వాటంత జాగ్రత్తగా రాసినవి లేవు. అటు చివర నుంచి చూసినా కనబడాలి కదా.

కాశన్న పాస్‌పోర్టు ఫోటో మీద సన్నగా గళ్లు గీసుకుని, గోడ మీద పెద్ద గళ్లు గీసి, పదకొండు రోజులు ఆ ఒక్క మనిషి మీదే ఉన్నాడు. చెప్పులు ముందు వేశాడు, తర్వాత ప్యాంటు, చేతులు. మొహం దగ్గరికి వచ్చేసరికి ఆయన తిండి తగ్గిపోయింది. కళ్లు రెండు రోజులు వేశాడు. వాడి కళ్లు తల్లివి. వెంకటవ్వను రమ్మంటావా అంటే వద్దన్నాడు, ఆమె మొత్తం అయ్యాకే చూడాలన్నాడు. ఆ కళ్లు ఆయనకు చూడకుండానే వచ్చు.

ప్రారంభం రేపనగా, సాయంత్రం ఐదింటికి పని ముగిసింది. నేను పక్కనే బస్సు మీద అక్షరాలు దిద్దుతున్నాను. కాశన్న స్టూలు మీద నిలబడి కాలరు అంచు సరిచేశాడు, బ్రష్ కింద పెట్టాడు. పసుపు ఉడకబెట్టే ఆడవాళ్ల చీరకు కలిపిన ఎర్రరంగు చిప్పలో పక్కనే ఉంది. ఆయన చూపు కొడుకు కళ్ల మీదే ఉంది. చేయి మాత్రం కిందికి వచ్చి, ఉంగరపు వేలు చిప్పలో మునిగి, పైకి పోయి, విష్ణు నుదుటి మీద ఆని, తిరిగి వచ్చింది. వేలు లుంగీకి తుడుచుకుని స్టూలు దిగి, నడుం పట్టుకుపోయింది భీమా అన్నాడు. ఏం చేశాడో ఆయనకు తెలియదు.

నేను చూశాను. చూసి చెప్పలేదు. ఇది రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది. తడిగుడ్డ పెట్టి తుడిస్తే అరక్షణం పని. కానీ వాడు లేడని నా మనసులో ఎప్పటినుంచో ఉంది. ఆ బొట్టు చూడగానే ఎక్కడ ఉండాల్సింది అక్కడే ఉందనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం పుట్టి, బస్సు వైపు తిరిగి అక్షరాలు దిద్దుకుంటూ ఉండిపోయాను. పొద్దున ఆయనే చూసుకుని దిద్దుకుంటాడులే అనుకున్నాను. ఛీ, ఏం మనిషిని.

పొద్దున్నే వెంకటవ్వ మాతోపాటు బస్సులో వచ్చింది. ఉపవాసం ఉంది. మ్యూజియంలోకి రాగానే మిగతా గోడ వైపు చూడనైనా చూడకుండా దుబాయి బస్సు ఎక్కడ అని అడిగి అక్కడికి పోయింది. కింది నుంచి చూసుకుంటూ వచ్చింది. చెప్పులు చూసింది, పెట్టె మీద తన నంబరు అంకె అంకె చదువుకుంది, చేతులు చూసింది. మొహం దగ్గరికి వచ్చి, అచ్చం గట్లనే నిలబడ్తడు అంది. తర్వాత నుదురు చూసింది.

"నీకేం కబురొచ్చింది?" అని మొగుణ్ణి అడిగింది.

కాశన్నకు అర్థం కాలేదు. ఆమె చూపు వెంట చూసి, అప్పుడు తెలుసుకుని, నా భుజం పట్టుకున్నాడు. ఏ కబురూ రాలేదన్నాడు. చేతి అలవాటన్నాడు. నీ మీద ఒట్టన్నాడు, విష్ణు మీద ఒట్టన్నాడు. ఆమె నమ్మలేదు.

"ముప్పై ఐదేండ్ల సంది సూస్తున్న నీ చెయ్యిని. గది ఎన్నడన్న తప్పు పెట్టిందా?"

భీమా నువ్వు చెప్పు అని ఆయన నన్ను బతిమాలాడు. నిన్న సాయంత్రం చూశానని, తెలియకుండానే పెట్టాడని చెప్పాను. చూసి ఊరుకున్నావా అన్నట్టు ఆమె నా వైపు చూసిన చూపు నాకు చచ్చేదాకా ఉంటుంది. వెంటనే తుడిచెయ్యమని ఆమె మొగుడికి చెప్పింది. రంగు ఆరిపోయింది, తుడిస్తే పోదు, పైన చర్మం రంగు వెయ్యాలి. కాశన్న ఒక మూతలో ఆ రంగు కలపసాగాడు. తొందరలో సగం కింద ఒలకబోశాడు.

ఈలోగా జనం రావడం మొదలైంది. అతిథులు ఇంకా రాలేదు గానీ, కల్యాణి ఊళ్ల నుంచి పిలిచినవాళ్లు వచ్చారు, తమ మొహాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటున్నారు. దుబాయి నుంచి తిరిగి వచ్చినవాళ్లను కూడా ఆ అమ్మాయి పిలిచింది. వాళ్లలో ఒకడు దుబాయి బస్సు ముందుకు వచ్చి ఆగిపోయాడు. నలభై ఏళ్లుంటాయి, ఎండకు మాడిపోయిన మనిషి. విష్ణు మొహం చూశాడు, నుదురు చూశాడు, పెట్టె మీద రాసింది చదివాడు. రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత పక్కనే ఉన్న వెంకటవ్వ దగ్గరికి వచ్చి, ఆమె కళ్లు చూసి, మీరు విష్ణు అమ్మనా అని అడిగాడు.

ఆమె మొహం వెలిగిపోయింది. నాలుగేళ్లలో ఆ వెలుగు నేను చూడలేదు. కాశన్న చేతిలో మూత అలాగే పట్టుకుని వాళ్ల దగ్గరికి పరుగెత్తాడు. పోస్టరు పనిచేసింది అనుకున్నాడు, నేను కూడా అనుకున్నాను, దేవుడు మమ్మల్ని మన్నించుగాక. నా కొడుకును చూశావా అని వెంకటవ్వ అతని చేయి పట్టుకుంది.

"ఒక్క రూములనే ఉన్నం అవ్వా. నా పేరు బాపురావు, మాది బార్డర్ దిక్కు. మీకు ఎవలు చెప్పిండ్రు అవ్వా? చెప్పాలెనని నేను మస్తు తిరిగిన. బోధన్ విష్ణు అన్నదొక్కటే తెల్సు, ఇల్లు తెల్వదు. ఇయ్యాల గీ బొట్టు సూసినంక పానం నిమ్మళమైంది. మీకు తెల్సిందింక, నా నోటితోని చెప్పే గతి పట్టకపాయె."

అలా అని ఏడ్చాడు. బరువు దిగినవాడి ఏడుపు అది. వీళ్లకు తెలుసనే అనుకున్నాడు. బొట్టు చూశాక ఎవరైనా అదే కదా అనుకునేది. ఆ బొట్టు లేకపోతే అతను ఆ మాట అంత సులువుగా అనేవాడా, అసలు దగ్గరికైనా వచ్చేవాడా, నాకు తెలియదు.

వెంకటవ్వ అతని చేయి వదల్లేదు. తెలియదని కూడా చెప్పలేదు. ఒక్కొక్కటే అడిగింది, అతను ఒక్కొక్కటే చెప్పాడు. ఉగాది అయిన పన్నెండో రోజు. పని నుంచి వచ్చి పడుకున్నవాడు పొద్దున లేవలేదు. జేబులో ఉన్నది ఇంకొకరి గుర్తింపు కార్డు, ఆ పేరు మీదే పోలీసులు తీసుకుపోయి అక్కడి మట్టిలో పెట్టారు. రూములో ఉన్న ఎవరికీ కాగితాలు లేవు, అది వాడి పేరు కాదని పోలీసులకు చెప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు అందరినీ తిరిగి పంపిస్తుంటే బాపురావు పోయిన నెలలో వచ్చాడు. పన్నెండు రోజులు అని వెంకటవ్వ రెండుసార్లు అంది. ఆమె ఎత్తిన కొత్త నంబర్లన్నీ ఆ పన్నెండు రోజుల తర్వాతవే.

"కండ్లు మూసిందెవలు?" అని అడిగింది ఆఖరికి.

"నేనే అవ్వా."

ఆమె అతని చేయి తీసుకుని తన కళ్లకు ఒత్తుకుంది.

కాశన్న ఇదంతా విన్నాడు. విని, ఏమీ విననట్టు వెనక్కి పోయి, స్టూలు ఎక్కి, చర్మం రంగుతో కొడుకు నుదుటి మీది బొట్టు కప్పేయడం మొదలుపెట్టాడు. వద్దు కాశన్నా అని నేను కాలు పట్టుకున్నాను. నన్ను కాలితో నెట్టాడు. ఒక పూత వేశాడు, ఎరుపు కనిపిస్తోందని ఇంకో పూత వేశాడు, ఊదుకుంటూ ఆరబెట్టి మూడో పూత వేశాడు. నుదురు శుభ్రమైంది. అప్పుడు స్టూలు మీదే నిలబడి, ఏం లేదు, ఏం లేదు అని తనలో తాను అనుకోసాగాడు. ఊరందరి కొడుకులకూ పెట్టినవాడు తన కొడుక్కి పెట్టనంటున్నాడు. ఇందులో తప్పు పట్టేవాడు ఎవడైనా ఉంటే ముందుకు రమ్మనండి.

వెంకటవ్వ బాపురావు చేయి వదిలి స్టూలు దగ్గరికి వచ్చింది. రాత్రి మూత పెట్టి ఉంచిన ఎర్రరంగు చిప్ప కింది నుంచి తీసి, ఆయన చేతికి అందేట్టు పైకెత్తి పట్టుకుంది.

"నిన్న తెల్వక పెట్టినవు. ఇప్పుడు తెల్సి పెట్టు. వాడు ఇంకొకల పేరు మీద పోయిండు. మనమన్న వాని పేరు మీద పంపొద్దా?"

ఆయన వేలు చిప్పలో ముంచాడు. పైకెత్తాడు. నుదుటికి ఇంకా బెత్తెడు దూరంలో అది ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే అతిథులు లోపలికి వచ్చారు, చప్పట్లు కొట్టారు. ఆర్టిస్టు ఆఖరి మెరుగులు దిద్దుతున్నాడని వెనక నుంచి ఎవరో పరిచయం చేశారు. ఫోటోలవాళ్లు చేయి అలాగే ఉంచమని అడిగారు. అలాగే ఉంచాడు. దించే శక్తి కూడా ఆయనకు లేదు. ఒళ్లు మండి ఒక్కొక్కణ్ణీ మెడ పట్టి గెంటుదామనుకున్నాను, కానీ కల్యాణి మా మొహాలు చూసి ఏదో జరిగిందని గ్రహించి, వాళ్లనూ మిగతా జనాన్నీ టీ ఉన్న వైపు తీసుకుపోయింది. పోతూ పోతూ తలుపు దగ్గరికి వేసింది.

గోడ ముందు మేము నలుగురమే మిగిలాం. వెంకటవ్వ చిప్ప ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆయన పడిపోకుండా మోకాలు పట్టుకుంది. పెట్టు అంది, బిడ్డకు బువ్వ పెట్టమన్నంత మెల్లగా. ఆయన పెట్టాడు. వేలు గోడ మీదే చాలాసేపు ఉంచాడు. తీసేసరికి పైనుంచి ఒక ఎర్రటి చార ముక్కు దాకా జారింది, దాన్ని అలాగే వదిలేశాడు. ఇప్పటికీ ఉంది, మ్యూజియంకు వెళ్లినవాళ్లు చూడవచ్చు.

కాశన్న బొట్టు పెట్టి బొమ్మ చేతికివ్వగానే ఇంటివాళ్లు దాన్ని గుండెలకు హత్తుకుని భోరుమనేవాళ్లు. ఆయన వాళ్ల వైపు చూడలేక వీపు తిప్పుకుని బ్రష్‌లు కడుక్కునేవాడు. ముప్పై ఐదేళ్లు అలాగే చేశాడు. ఆ రోజు స్టూలు మీద నుంచి మేము దించితే, గోడకు మొహం ఆనించి, విష్ణు చెప్పుల మీద చేతులు వేసి, ఆ హాలంతా వినబడేలా ఏడ్చాడు. వెంకటవ్వ పక్కన కూర్చుని ఏడ్చింది. బ్రష్‌లు నేను కడిగాను.